దూదికి అంటిన పొగమంచు

ఆ బొమ్మ మా మెట్లు ఎక్కలేదు. ఫ్రేము విప్పేసినా మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. చివరికి పైగది కిటికీ రెక్కలు ఊడదీసి, తాళ్ళు కట్టి, వీధిలోంచి పైకి లాగాం. సగం దూరం వెళ్ళాక గాలికి అది ఇటు తిరిగింది. కింద నిలబడ్డవాళ్ళందరం అప్పుడే దాన్ని సరిగ్గా చూశాం. నల్లటి కొండలు, కొండల మధ్య లోయ, లోయ నిండా పాత తేనె రంగులో ఏదో మసక. ఎదురింటి దర్జీ మిషన్ ఆపి మరీ బయటికొచ్చాడు.

"ఇదేం బొమ్మయ్యా, చూస్తుంటేనే కళ్ళు తిరుగుతున్నాయి!"

"ఆ మెడ అంత పైకెత్తితే తిరగక ఏం చేస్తాయి? పోయి గుండీలు కుట్టుకో," అన్నాడు మా బావ కిటికీలోంచి.

మా అక్క మొగుడు. పాత బొమ్మలు బాగుచేస్తాడు. వీధిలో అందరూ బొమ్మల డాక్టరు అంటారు. కింద గదిలో ఫ్రేములు కట్టేది నేను. పైన డాక్టరు, కింద కాంపౌండరు అని ఆ దర్జీ వెక్కిరింపు. ఒకప్పుడు నేనూ పైనే ఉండేవాణ్ణి. బడి మానేసి ఊరికే తిరుగుతుంటే అక్క బతిమాలి నన్ను బావ దగ్గర పనిలో పెట్టించింది. కొన్నేళ్ళు గడిచాక ఒకరోజు, బొమ్మ తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దమనుషుల ముందే, "ఒరేయ్ బామ్మర్దీ, నీకు కళ్ళున్నాయి గానీ రంగుల దగ్గర అవి దండగరా. కిందకెళ్ళి చెక్కలు కోసుకో," అన్నాడు. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. ఆ నవ్వు మాత్రం ఆరిపోయిన జిగురులా ఇంకా మొహానికి అంటుకునే ఉంది.

బొమ్మతో పాటు చిత్రశాల నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. మంచిదే, కాకపోతే మాట్లాడేటప్పుడు ఎదుటివాడి బూట్ల వంక చూస్తుంది. నా బూట్ల నిండా రంపంపొట్టు. పందొమ్మిదో శతాబ్దం నాటి బొమ్మ అనీ, ఎవరు వేశారన్నది ఇప్పటికీ తేలలేదనీ చెప్పింది. కొండల బొమ్మలకి పేరుమోసిన ఒక గురువు ఉండేవాడట. ఆయన దగ్గర ఒక శిష్యుడు. ఒక ఎండాకాలం ఇద్దరూ కలిసి కొండలెక్కారు. గురువు ఒక్కడే దిగొచ్చాడు, ఇద్దరి సామానూ మోసుకుని. శిష్యుడు ఎలా పోయాడో ఆయన ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఆ సామానులో దొరికిందే ఈ బొమ్మ. గురువుదని కొందరు పండితులు, కాదు శిష్యుడిదని కొందరు, జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువట.

"గురువుదే మేడం," అన్నాడు బావ బొమ్మ వంక చూడకుండానే. "శిష్యులకి ఇంత చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని నా వైపు చూశాడు.

"శిష్యుడిదే," అన్నాను నేను. "గురువైతే సంతకం ముందు పెట్టుకుని, చోటు మిగిలితే బొమ్మ వేసేవాడు."

ఆఫీసరమ్మ నవ్వింది. బావ నవ్వలేదు.

ఆవిడ తెచ్చిన రెండు ఫోటోలు గోడకి గుచ్చింది. ఒకటి గురువుగారి సంతకం. పెద్ద కొక్కెంలాంటి మొదటి అక్షరం, మిగతావన్నీ దానికి వేలాడుతున్నట్టుంటాయి. రెండోది శిష్యుడిది. చీమల బారులా చిన్నగా, వాలుగా, కింద ఒక గీత. ఆ భాష మాకెవరికీ రాదు గానీ ఆ రెండు ఆకారాలూ మర్చిపోవడం కష్టం.

"ఎక్స్‌రేలు తీశాం, ఏమీ పడలేదు. ఉంటే ఈ పాత వార్నిష్ కిందే ఎక్కడో ఉండాలి," అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించింది. "సంతకం బయటపడిందంటే కొత్త భవనంలో రిపేరు గది మీదే, మావాళ్ళతో నేను మాట్లాడతాను. పడకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. యంత్రాలున్న కంపెనీకి పనంతా అప్పజెప్పాలని పైవాళ్ళు ఎప్పట్నుంచో చూస్తున్నారు."

బావ తల ఊపాడు.

మా పని చెయ్యనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. సన్నటి వెదురుపుల్లకి దూది చుట్టి, మందులో ముంచి, బొమ్మ మీద దొర్లిస్తారు. రుద్దకూడదు, దొర్లించాలి. మందు అని మేం అంటాం, వార్నిష్‌ని కరిగించే ద్రావకం అది. పాత వార్నిష్ కరిగి దూదికి అంటుకుంటుంది, గోధుమరంగులోనో పసుపులోనో. ఆ దూదిపుల్ల పారేయకూడదు. ఆకాశానికి ఒక సీసా, కొండలకి ఒక సీసా, లోయకి ఒక సీసా, అలా దేని పుల్లలు దాని సీసాలో వేసి, బొమ్మ ఇల్లు దాటేదాకా ఉంచాలి. ఎందుకంటే దూది పసుపుగా వస్తున్నంతసేపూ వార్నిష్ పోతున్నట్టు. వేరే రంగు ఏది వచ్చినా బొమ్మే పోతున్నట్టు. అప్పుడు చెయ్యి ఆపాలి. నాకు బావ నేర్పిన మొదటి పాఠం అది. దూది చుట్టేది మాత్రం మా అక్క. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది. ఇప్పటికీ టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ చుడుతూనే ఉంటుంది.

ఆకాశం బాగా వచ్చింది. తేనెరంగు పోయి లోపలి నుంచి చల్లటి నీలం, అందులో వాన ఇంకా కురవని మబ్బులు. బావ చెయ్యి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ ఆ చెయ్యి పనిచేస్తుంటే చూడకుండా ఉండలేను. కొండలు కూడా తేటపడ్డాయి. నల్లగా కాదు, తడిసిన రాతిరంగులో. తేటపడిన కొద్దీ అవి ఇంకా దగ్గరికొచ్చినట్టు ఉండేవి. భోజనానికి పిలవడానికి వెళ్ళినప్పుడు దానికి వీపు చూపించి నిలబడటం నాకు ఇష్టం ఉండేది కాదు.

మనిషి ఉన్నాడని మొదట చూసింది అక్క. దుమ్ము తుడుస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, ఇక్కడెవరో నిలబడ్డారు."

వేలెడంత కూడా లేడు. కుడివైపు కొండ చరియ మీద, భుజాన మూటతో, ఒక కాలు ముందుకు పెట్టి. లోయలోంచి లేచిన మసక అతని మోకాళ్ళ దాకా ఉంది. దారిలో దిగుతున్నట్టున్నాడు. ఇంటి మీద బెంగపడ్డవాడిలా తల వంచుకున్నాడు.

"వాడి కాళ్ళ దగ్గరే ఉంటుంది సంతకం," అన్నాడు బావ. "చూస్తూ ఉండండి."

ఆ తర్వాత బావ లోయ పని మీద పడ్డాడు. ఆకాశం ఎంత తొందరగా అయిందో లోయ అంత ఆలస్యం చేసింది. ఎప్పుడు చూసినా ఆ మసక దగ్గరే. దర్జీ కింద నుంచి "డాక్టరుగారూ, పేషెంటు బతుకుతాడా?" అని అరిచేవాడు. మొదట్లో బావ తిరుగు జవాబిచ్చేవాడు. తర్వాత మానేశాడు. కిటికీ రెక్కలు మళ్ళీ బిగించమన్నాడు. బిగించాక వెలుగు చాలట్లేదని మళ్ళీ తీయించాడు. బిగించినప్పుడూ తీసినప్పుడూ నన్నే తిట్టాడు.

అక్క ఒక మధ్యాహ్నం నా గదికి దిగొచ్చింది. కూరగాయల సంచిలోంచి లోయ సీసా తీసి నా బల్ల మీద, మేకుల మధ్య పెట్టింది.

"తమ్ముడూ, చూడరా."

అడుగున ఉన్న దూది ముదురు గోధుమ. దాని మీద తేనెరంగు. దాని మీద లేత పసుపు. ఆ పైన ఉన్న దూదిలో పసుపన్నది లేదు. బూడిద కలిసిన తెలుపు, కాస్త నీలం జాడ. పొద్దున్నే కొండల మీద కనిపించే రంగు.

"ఇది వార్నిష్ కాదక్కా."

"నాకు తెలీకనా, చుట్టేదాన్ని నేనే కదా. పొగమంచు రా ఇది. బొమ్మలో ఉన్న పొగమంచు. కొంచెం కొంచెంగా సీసాలోకి తెచ్చేస్తున్నాడు మీ బావ."

"ఆయనకి కనపట్టం లేదా?"

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మేకొకటి తీసి వేళ్ళ మధ్య తిప్పింది.

"మొన్న ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి చూసి, పసుపు పోలేదే, మళ్ళీ ఉతుకు అని కసిరాడు. నిన్న నా మొహంలో మొహం పెట్టి చూసి, ఏమే, నీకేమన్నా కామెర్లా అన్నాడు." నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. "రెండు కళ్ళల్లో శుక్లాలు. కళ్ళ డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఈ బొమ్మ అయ్యాక చూద్దాం అంటున్నాడు. ఈ సంగతి బయటకి పొక్కితే నామీద ఒట్టే అని నా నోరు కట్టేశాడు."

"ఆపరేషన్ చేయించుకుంటే పోయేదేముంది?"

"మీ బావకి పని నేర్పిన గురువుగారు గుర్తులేడూ? ఆపరేషన్ అయి ఇంటికొచ్చి, తను బాగుచేసిన బొమ్మలన్నీ చూసి, అంతా నీలంగా ఉంది, ఎవరు పాడుచేశారు వీటిని అని ఏడ్చాడట. మళ్ళీ పుల్ల పట్టలేదు. అదీ ఈయన భయం. పసుపు తెర లోపల ఉండి కూడా నాకు రంగులు తెలుస్తాయి, అలవాటు మీద పట్టేస్తాను అంటాడు."

ఒక్క క్షణం నాకు లోపల చల్లగా అనిపించింది. అబద్ధం ఎందుకు, అనిపించింది. నీ కళ్ళు దండగ అన్న మనిషి కళ్ళు. ఆ వెంటనే, అక్క చేతిలో మేకు తిరుగుతుంటే చూసి, ఆ చల్లదనమే భయమైంది.

"ఆఫీసరమ్మకి చెప్పేద్దాం."

"చెబితే సాయంత్రానికల్లా బొమ్మ దించుకుపోతుంది. రేపట్నుంచి వీధివీధంతా గుడ్డి డాక్టరు అంటుంది. ఆ మాట పడి మీ బావ ఉండడురా, నాకు తెలుసు. నువ్వెళ్ళి ఆపు. మనలో మనం ఆపుకుంటే, ఇంకా పొగమంచు కొంత ఉంది. సంతకం లేదు మేడం, దొరకలేదు అంటాడు, పని పోతే పోతుంది. మనిషి మిగులుతాడు."

"నా మాట ఎప్పుడు విన్నాడక్కా?"

"వినకపోతే గట్టిగా చెప్పు. అస్తమానం గొణుక్కుంటూ తిరిగేదానికి నోరెందుకు నీకు?"

సీసా తీసుకుని పైకెళ్ళాను. ఆఫీసరమ్మ ఆ సాయంత్రమే చూడ్డానికి వస్తానని కబురు పెట్టి ఉంది. పైగది నిండా మందు వాసన. ముక్కులోంచి నేరుగా నుదుటికి కొట్టేలా. బావ ఎత్తుపీట మీద కూర్చుని లోయకి బాగా దగ్గరగా వంగి ఉన్నాడు. ముక్కు బొమ్మకి తగులుతుందేమో అన్నంత. నేను కింద నుంచి చూసిన లోయ కాదది. మసక పలచబడి, దాని వెనక ఏదో నిలువుగా, నల్లగా ఉంది. ఇంకా పూర్తిగా బయటపడలేదు.

"ఎవరూ? బామ్మర్దా? ఇలా రా. ఈ లోయలో ఇంకా పసుపు ఉందా లేదా, చెప్పు."

"లేదు బావా."

"ఉంది."

"మరి నన్నెందుకడిగావు?"

"ఇన్నేళ్ళలో ఏమన్నా బాగుపడ్డావేమో చూద్దామని."

సీసా ఆయన మోకాలి మీద పెట్టాను. "ఇది వార్నిష్ కాదు. పొగమంచు. బొమ్మ వేసినవాడే ఆఖర్న పలచగా వేశాడు. మందు తగిలితే వార్నిష్‌తో పాటు అదీ కరిగిపోతోంది. దూది చూసి చెయ్యి ఆపమని నువ్వే కదా నేర్పావు, చూడు."

పైన ఉన్న పుల్ల తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిప్పాడు. అటూ ఇటూ తిప్పాడు.

"పసుపు."

"తెలుపు."

"నీకు రంగులెప్పుడు తెలిశాయిరా?"

"మీ ఇంట్లో ఉతికిన దుప్పటి కూడా పసుపేనా బావా?"

కింద దర్జీ మిషన్ చప్పుడు వినిపిస్తోంది. బావ పుల్లని మెల్లగా సీసాలో పెట్టాడు. పీట మీంచి దిగి, చేత్తో తడుముకుని, కుర్చీలో కూర్చున్నాడు. చూపున్నవాడు అలా కూర్చోడు. ఎన్నాళ్ళుగా అలా కూర్చుంటున్నాడో, నేను కిందే ఉండిపోయి చూడలేదు.

"మీ అక్క చెప్పిందన్నమాట."

"ఇక ఆపెయ్ బావా. ఇంకా కొంత మిగిలి ఉంది. ఇలాగే ఇచ్చేద్దాం."

"సంతకం?"

"దొరకలేదందాం."

"దొరకలేదంటే?" అన్నాడు. గొంతు వింతగా మెత్తగా ఉంది. "ఇంతకాలం పనిచేసి, చివరి బొమ్మ దగ్గర నాకు దొరకలేదు అని చెప్పి దిగిపోనా? నువ్వు చెక్కలు కోసుకునేవాడివి, నీకు తెలీదు. వాడి కాలి కిందే ఉందిరా. నా వేలికి తెలుస్తోంది. అక్కడొక్కచోట, గోరంత." తర్వాత, జన్మలో ఆయన నన్ను అడగని మాట అడిగాడు. "నువ్వు నా పక్కన నిలబడు. నీ కళ్ళతో చూస్తూ ఉండు. ఏదన్నా కదిలితే ఆపమను. ఆపేస్తాను. మాటిస్తున్నా."

కాదనాల్సింది. అక్క పంపింది ఆపడానికి. కానీ నీ కళ్ళతో చూడు అన్నాడు ఆ మనిషి. ఆ ఒక్క ముక్క కోసం నేనెన్నేళ్ళు కింద కూర్చున్నానో. నిలబడ్డాను.

బావ కొత్త పుల్ల మందులో ముంచాడు. అంచున విదిల్చాడు. మూట మోస్తున్న మనిషి ముందు కాలి దగ్గర, పొగమంచు అంచు మీద ఆనించాడు. తడి తగిలిన మేర మసక ఒక్కసారిగా లోతుగా, నీళ్ళలోంచి చూసినట్టు తేటగా అయింది. ఎండిపోయిన రాయి మీద నీళ్ళు చల్లితే లోపలి చారలు లేస్తాయే, అలా. ఆ తేటలో లేచింది. పొగమంచు రంగు కంటే ఒక్క పిసరు ముదురు రంగులో, పొగమంచులోనే, చీమల బారులా చిన్నగా, వాలుగా, కింద ఒక గీతతో.

"ఆపు!" అన్నాను. "బావా, ఆపు, ఆపు!"

చెయ్యి ఆగలేదు. మాటిచ్చింది అబద్ధం కాదు, కావాలని చేసిందీ కాదు. ఎన్నో ఏళ్ళుగా నేను ఏదన్నా అంటే వినకుండా సాగిపోవడం అలవాటైన చెయ్యి అది. నా గొంతు దానికి దర్జీ మిషన్ చప్పుడుతో సమానం. దూది ఒక్కసారి దొర్లింది. ఎప్పటిలాగే మెత్తగా, ఒక్క గీత కూడా పడకుండా. అది దొర్లి వెళ్ళాక అక్కడ నల్లటి రాయి ఉంది. ఇంకేం లేదు.

"ఏంటి? ఏం కనిపించింది?" అన్నాడు బావ నా వైపు తిరిగి. ఆయన కళ్ళని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. నల్లగా ఉండాల్సిన చోట పాత గాజుసీసా అడుగులా ఉంది. "చెప్పరా. సంతకమా?"

గుమ్మంలో అక్క నిలబడి ఉంది, రెండు చేతుల్లో కొత్తగా చుట్టిన దూదిపుల్లలతో. నా అరుపు విని వచ్చినట్టుంది. గోడ మీద రెండు ఫోటోలు. కింద వీధిలో కారు తలుపు వేసిన చప్పుడు. "డాక్టరుగారు పైనే ఉన్నారమ్మా," అంటున్నాడు దర్జీ.

"ఏం లేదు బావా."

"మరెందుకలా అరిచావు?"

"నీ చెయ్యి అదిరిందేమోననిపించి."

"నా చెయ్యా? అదరడమా?" పెద్దగా నవ్వాడు. చాలా రోజులకి మళ్ళీ ఆ పాత నవ్వు. "చూశావుటే, అందుకే వీణ్ణి కిందకి తోసింది! వీడి కళ్ళు పెట్టుకుని పనిచేసుంటే ఈపాటికి అడుక్కుతినేవాళ్ళం." చేతిలో పుల్లని అలవాటుగా లోయ సీసాలో పడేశాడు. అది మిగతా తెల్లదూది మీద పడింది. పండితులంతా జుట్లు పట్టుకునే పేరు అందులో ఉంది, మందుతో తడిసి, బూడిదరంగు మరకగా. సీసా ఒకసారి కదిపితే ఏ పుల్లో కూడా చెప్పలేరు.

మెట్ల మీద ఆఫీసరమ్మ చెప్పుల చప్పుడు మొదలైంది. మలుపు దగ్గర ఒకసారి ఆగి మళ్ళీ వచ్చింది.

నేను బొమ్మ వంక చూశాను. దూరం నుంచి చూడాలని వెనక్కి జరిగితే వీపు గోడకి తగిలింది. కాలి దగ్గర మిగిలిన ఆ కాస్త మసకా పోయి, లోయ మొత్తం ఇప్పుడు తేటగా ఉంది. అంత తేటగా ఎవరూ చూడకూడదు దాన్ని. పొగమంచు ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి దారిలో దిగుతున్నాడనుకున్నాం, మోకాళ్ళ దాకా మసక ఉందే తప్ప కింద దారి ఉందనుకున్నాం. దారి లేదు. వాడి వెనక కాలి దగ్గరే చరియ తెగిపోయింది. ముందుకు పెట్టిన కాలి కింద నిలువురాయి, అది కిందకి, ఇంకా కిందకి, ఫ్రేము చెక్క వచ్చే చోటిదాకా. తల వంచుకున్నది బెంగతో కాదు. ఎక్కడ పడబోతున్నాడో చూసుకుంటున్నాడు. వాడిని ఇంతకాలం నిలబెట్టింది ఆ పలచటి తెలుపొక్కటే. ఆఖర్న, దాన్ని వేశాక, ఆ శిష్యుడు దాని మీదే పేరు పెట్టుకున్నాడు.

"రండి మేడం, రండి," అన్నాడు బావ చప్పుడు విని, గుమ్మం వైపు మొహం పెట్టి. అప్పటికి ఆఫీసరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి ఉంది. ఆవిడ మా బూట్ల వంక చూడట్లేదు. "మంచి సమయానికి వచ్చారు. సంతకం ఇంకా రాలేదు గానీ వస్తుంది. ఇంకాస్త పసుపు ఉంది. అది కూడా తీసేస్తే అయిపోయినట్టే."

అక్క వైపు చూడకుండానే, ఎప్పటిలాగే, కొత్త పుల్ల కోసం చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు. ఆవిడ పట్టుకున్న పుల్లలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.

"ఏమేవ్, ఇవ్వవే," అన్నాడు బావ. చెయ్యి అలాగే చాచి ఉంది.